రేడియోలో చదివిన పేరు

మొన్న జనగామ బస్టాండులో హన్మకొండ బస్సు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న కాలేజీ పిల్ల ఫోనులోంచి ఒక పాత పాట మొదలైంది. నేను ఎక్కాల్సిన బస్సు కళ్ళ ముందే వచ్చి వెళ్ళిపోయినా లేవలేకపోయాను. ఒకప్పుడు ఆ పాటను ఒకటో నంబరుకు ఎక్కించినవాళ్ళలో నేనూ ఉన్నానని, ఆ పనికి ఇప్పటికీ నా గుండె దడ తగ్గలేదని చెబితే ఆ పిల్ల నవ్వి ఊరుకునేది.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వారానికోసారి దీపాలు పెట్టే వేళకు ఎక్కడో దూరపు రేడియో స్టేషను నుంచి ఆ వారం పాటలను కింది నంబరు నుంచి పైకి వరసగా వేసేవారు. ఏ పాటకు శ్రోతల పోస్టుకార్డులు ఎక్కువ వస్తే అది పైకి ఎక్కేది, రాసినవాళ్ళ ఊర్లూ పేర్లూ కూడా చదివేవారు. మాది జఫర్‌గఢ్ పక్క పల్లె. మా అన్నయ్య దోస్తులతో కలిసి శ్రోతల సంఘం ఒకటి పెట్టి, బొంబాయి కుర్రాళ్ళు నలుగురు గిటార్లూ డ్రమ్ములూ వాయిస్తూ పాడిన ఆ పాటను పైకి ఎక్కించి తీరాలని పంతం పట్టాడు. మా నాన్నను బాపు అనేవాళ్ళం; ఆయనకు అది డబ్బాల మోత, మాకు మాత్రం ప్రాణం. అన్ని కార్డులూ ఒకే ఇంటి నుంచి వచ్చినట్టు తెలియకూడదని అన్నయ్య బాపు పెట్టెలోంచి పాత ఓటర్ల లిస్టు తీసి, దస్తూరి బాగుంటుందని కార్డుకో పేరు చొప్పున నాతోనే రాయించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో సంగతి నలుగుతోంది. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో హైదరాబాద్ పోతున్నానని జనగామలో రైలెక్కి మళ్ళీ తిరిగి రాలేదు. పన్నెండేళ్ళు దాటినా జాడ లేని మనిషికి శవం బదులు దర్భబొమ్మ చేసి కర్మ జరిపించాలని పూజలు చేయించే అయ్యగారు చెప్పి, తిథి కూడా చూసిపెట్టారు. నాయినమ్మ నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి "మీ ఇష్టం, నన్ను మాత్రం పిలువకుండ్రి" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

కర్మకు నాలుగు రోజులుందనగా మా పాట ఒకటో నంబరుకు ఎక్కింది. వాకిట్లో జనం, ఈలలు. రేడియోలో మా ఊరి పేరు, దాని వెనకే మనుషుల పేర్లు వస్తుంటే పిల్లలందరం ఎగిరాం. అంతలో మా ఇంటిపేరుతో ఒక పేరు వినిపించింది. లోపల్నుంచి నాయినమ్మ పరుగెత్తుకొచ్చి, "నా చిన్నోడు! నా చిన్నోడు బతికే ఉన్నడు! ఎక్కడున్నా మన ఊరి పేరే రాస్తున్నడు సూడుండ్రి!" అని కేక పెట్టింది. ఈలలు ఆగిపోయాయి. రేడియోలో పాట మాత్రం మొదలైంది.

అది చిన్నబాపు పేరని అప్పుడు తెలిసింది నాకు. ఆయన పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, ఇంట్లో అందరూ చిన్నోడు అనడమే తప్ప అసలు పేరు ఎత్తగా నేను వినలేదు. లిస్టులో అది నాకు వందలో ఒక పేరు, ఏ ఆలోచనా లేకుండా ఎక్కించేశాను.

తెల్లారి కొట్టం వెనక ఏడుస్తూ బాపుకు అంతా చెప్పేశాను. చెంప పగులుతుందనుకున్నాను. ఆయన సైకిలెక్కి జఫర్‌గఢ్ పోయాడు. కర్మ వద్దని అయ్యగారికి చెప్పి, తిరిగొస్తూ ఒక కట్ట పోస్టుకార్డులు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "రాయి బిడ్డా, గా పేరు ఇంకొక్కపారి రావాలె" అన్నాడు. కొట్టినా అంత అదిరిపోయేదాన్ని కాదు.

రాశాను. డబ్బాల మోత అన్న మనిషే ప్రతి వారం రేడియోకు చెవి ఆనించి కూర్చునేవాడు. ఆ పేరు మళ్ళీ రాలేదు. పాట మూడుకు, తొమ్మిదికి దిగి, ఒకనాడు వరసలోంచే పోయింది. నాయినమ్మ దిగులుపడలేదు. "పాట పోతే పోనీ, వాడున్నడు గద" అని ఇంకొంచెం అన్నం అడిగి పెట్టించుకుంది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది.

ఇప్పుడు ఒక మనిషి ఉన్నాడో లేడో ఫోను తీస్తే తేలిపోతుంది, అది మంచిదే. మా కాలంలో చాలా సంగతులు తేలేవి కావు, ఆ తేలకపోవడం మీదే మా నాయినమ్మ అన్నేళ్ళు అన్నం తిన్నది. నాయినమ్మ, బాపు, అన్నయ్య అందరూ వెళ్ళిపోయారు. ఇక చిన్నబాపు కర్మ జరిపించాల్సింది నేనే. రెండుసార్లు అయ్యగారి ఇంటి గడప దాకా పోయాను. చనిపోయినవారి పేరు చెప్పమని ఆయన అడుగుతారు కదా, నేను కార్డు మీద రాసిన ఆ పేరే చెప్పాల్సి వస్తుందని తలచుకుని రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను.