కళ్లద్దాల మీద తెల్ల మరక

మా స్టూడియో అన్న పోయారు. ప్రొద్దుటూరులో పదకొండేళ్లు ఆయన పక్కన కూర్చుని ఫొటోలు దిద్దినదాన్ని నేను. నాకూ ఆ కబురు ఫోనులో మెసేజీగానే వచ్చింది. గుండె ఆగిందట. పోయినవారి జ్ఞాపకంగా చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడికలో పెట్టడానికి పెద్ద ఫొటో కావాలని వదిన అడిగింది.

మా వైపు మనిషి పోతే ఇంట్లోవాళ్లు ముందు వెతికేది ఫొటో కోసమే. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి ఏ పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటో పట్టుకొని వచ్చేవారు. కళ్లద్దాల మీద ఫ్లాష్ పడి, కళ్లుండాల్సిన చోట తెల్ల మరకలుండేవి. మీ ఇంటి గోడ మీదా అలాంటిదొకటి ఉండే ఉంటుంది. అన్న దగ్గర దిగితే ఆ బాధ లేదు. "గడ్డం రవ్వంత దించప్పా, అద్దాల కాడలు పైకెత్తు" అని పాస్టరయ్యనైనా సతాయించేవారు.

నేను చేరిన కొత్తలో చిలమకూరు నుంచి ఒకామె చనిపోయిన భర్త ఫొటో తెచ్చింది. ఎడమ అద్దం మీద వెలుగు. కుడికన్ను కాపీ చేసి, తిప్పి, ఎడమవైపు అతికించాను. పది నిమిషాల్లో అయిపోయిందని మురిసిపోయాను కూడా. ఆమె చూసి, "ఎవురుమ్మా ఈయప్ప? మా ఆయనకు ఎడమ కంట్లో పువ్వుండ్య గదా!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. పువ్వంటే నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. సిగ్గుతో చచ్చిపోయాను. అన్న నన్ను తిట్టడానికి కూడా ఆగలేదు. ఆమెను కూర్చోబెట్టి, మచ్చ ఎంతుండేది, ఏ మూలనుండేది అని అడిగి అడిగి దిద్దారు.

"తెలీకపోతే అడుగు పాపా," అన్నారు ఆమె వెళ్లాక. "చేతికొచ్చిన కన్ను పెట్టగాకు. వాళ్లు ఇంగ దాన్నే సూసుకుంటా బతకల్ల."

నాకు ఇంతకాలం అన్నం పెట్టింది ఆ మాటే.

ఆయన ఫొటో కోసం వెతికితే ఏముంది? ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి. పెళ్లినాటి ఫొటోలో మీసం అప్పుడే వస్తున్న కుర్రవాడు. ఆధార్ కార్డులో ముఖమే ఆనడం లేదు. మిగిలిందొకటే, పోయిన క్రిస్మస్‌కు నేను తీసింది. గడ్డం దించమని చెప్పబోతే, "నాదే గదా, ఎట్లుంటే ఏంలే, నొక్కు" అన్నారు. నొక్కేశాను. ఆయన కళ్లద్దాలు రెండూ తెల్లగా వచ్చాయి. ఛీ, ఎంత దరిద్రపు చెయ్యి నాది!

రెండు రోజులు కూర్చున్నాను. పెళ్లినాటి కళ్లు తెచ్చి పెడితే వేరెవరో చూస్తున్నట్టుంది. తీసేశాను. చివరికి వదిన దగ్గరకెళ్లి, "అన్న కండ్లు ఎట్లుండేవో సెప్పు వదినా, దిద్దుతా" అన్నాను.

"బాగుండేవి పాపా," అంది. అంతకు మించి చెప్పలేకపోయింది.

ఉన్నదున్నట్టే ప్రింటు తీసి ఫ్రేము కట్టించాను. కూడిక రోజు పొద్దున వదిన చేతిలో పెట్టాను. కిటికీ వెలుగు పడుతోందనుకుందేమో, ఫ్రేమును ఇటు తిప్పింది, అటు తిప్పింది. తర్వాత కొంగు తీసి, అన్న కళ్లుండాల్సిన చోట తుడిచింది. పోలేదు. ఊది, మళ్లీ తుడిచింది.