ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకు

ఆ రోజుల్లో బెంగుళూరులో ఇంగ్లీషు రానివాడికి అన్నం దొరికేది గానీ కుర్చీ దొరికేది కాదు. నాకు ఇంగ్లీషు వచ్చునని బి.ఏ. పట్టా మీద రాసిచ్చారు కాబట్టి, ఆ మాట నమ్మి, కుర్చీ కోసం మదనపల్లెలో బస్సెక్కాను. కాల్ సెంటర్లు పుట్టగొడుగుల్లా మొలుస్తున్న కాలమది. వాళ్లు నన్ను రెండు నిమిషాలు మాట్లాడించి, మళ్లీ పిలుస్తామని చెప్పి పంపేసేవారు. (ఇప్పటికీ పిలవలేదు.) చివరికి మహదేవపురలో ఒక హార్డ్‌వేర్ అంగడి మీద ఉన్న స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో పని దొరికింది. పని పేరు అసిస్టెంట్. చేయాల్సింది మాత్రం లోకంలో ఇంకెవరూ చేసి ఉండరనుకుంటాను. ఒక తెల్లాయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని పక్కనే నిలబడి మళ్లీ ఇంగ్లీషులో చెప్పాలి.

ఇన్‌స్టిట్యూట్ యజమానిని అందరూ టైపు సారు అనేవాళ్లు. తాతల కాలంలో వచ్చి బెంగుళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లు. అంతకుముందు ఆయన అక్కడే టైపు నేర్పేవాడు. కంప్యూటర్లు వచ్చి మెషీన్లన్నీ పాత ఇనుముకు పోయాక, వాటి స్థానంలో ఒక దొరను తెచ్చి కూర్చోబెట్టాడు. "వీధికొక ఇన్‌స్టిట్యూట్ ఉండాదప్పా. జనం మన మెట్లే ఎందుకెక్కల్ల? మన తాన దొర ఉండాడు గాబట్టి!" అని నాకు మొదటి రోజే వ్యాపార రహస్యం చెప్పాడు. ఆ దొరకు అరవై దాటాయి. స్కాట్లండులో ఎక్కడో ఉత్తరాన, చలికి మనుషులు నోరు తెరవడం మానేసిన ఊరు. మాటలు గొంతులోనే గరగరమని తిరిగి, సగం అక్కడే ఉండిపోయి, మిగతా సగం బయటికి వచ్చేవి. పిల్లలు ఆయనకు దొరప్ప అని పేరు పెట్టారు. ఆయన పాఠం చెబుతుంటే క్లాసంతా పరామర్శకు వచ్చినవాళ్లలా తల వంచుకుని కూర్చునేది. ఆయన ఆగగానే తలలన్నీ నా వైపు తిరిగేవి.

మరి నీకెలా అర్థమైందయ్యా అంటారేమో. మేమిద్దరం ఒకే మేడ మీద పక్కపక్క గదుల్లో ఉండేవాళ్లం. సాయంత్రం పూట మాట్లాడుకోవడానికి ఆయనకు నేను, నాకు ఆయన తప్ప వేరే దిక్కు లేదు. దిక్కులేనివాళ్లకు చెవులు తొందరగా అలవాటు పడతాయి. ఆయన భార్య చనిపోయాక ఇల్లు అమ్మేసి, దేశం చూడటానికి వచ్చి, చూడటం అయిపోయినా తిరిగి వెళ్లలేదట. ఎందుకని అడిగాను. కింద ఉండే ఇంటి ఓనరమ్మ రోజూ మెట్ల దగ్గర ఆపి "ఊట ఆయ్తా?" అంటుంది కదా, అందుకు అన్నాడు. భోజనమైందా అని అడగడం ఈ ఊళ్లో గుడ్ మార్నింగ్ లాంటిది, అడిగినవాళ్లు జవాబు కూడా వినరు అని చెబుదామనుకున్నాను. ఆయన మొహం చూసి నోరు రాలేదు. భార్య పోయిన తర్వాత తన ఊళ్లో ఆ మాట అడిగినవాళ్లు లేరట.

మా క్లాసులో అందరూ ఇటుకల మీదా సిమెంటు మీదా బతికే ఇళ్ల పిల్లలే. ఒక్క గార్మెంట్స్ అక్క మాత్రం బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చునేది. మిగిలినవాళ్లలో మేస్త్రీ మామ కొడుకు ఒకడు. మేస్త్రీ మామది కదిరి. వైట్‌ఫీల్డ్‌లో అద్దాల బిల్డింగులకు గోడలు లేపాడు. ఒకటి కట్టడం అయిపోయిన మరుసటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదట. కొడుకునైనా ఆ గేటు దాటించాలని ఆయన పంతం.

ఆ ఏడు అడ్మిషన్లు తగ్గాయి. టైపు సారుకు ఎవరో చెప్పారు, పక్కన దుబాసీ నిలబడితే దొర మీద జనానికి నమ్మకం ఉండదని. వెంటనే ఆదివారం డెమో క్లాసు అన్నాడు. తల్లిదండ్రులందరినీ పిలుస్తారు, దొరప్ప ఒక్కడే మాట్లాడాలి, నేను వెనక గోడకు నిలబడాలి. బ్యాచి నిండితే సరే, లేకపోతే దొరప్ప కాంట్రాక్టు అంతటితో ఆఖరు. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది. వీసా పోతే దొరప్ప ఆ చలి ఊరికి పోవాలి.

ఆ సాయంత్రం నా గది తలుపు తట్టి, కుర్చీ అంచున కూర్చుని, "నాకు ఇంగ్లీషు నేర్పిస్తావా?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. జీవితంలో నాకు దొరికిన మొదటి సొంత విద్యార్థి ఆయనే. ఒక్కొక్క మాటా విడివిడిగా, పళ్లెంలో ఇడ్లీలు పెట్టినట్టు పెట్టమన్నాను. మొదట పని మాట ఎత్తకూడదు, "టిఫిన్ ఓవర్?" అని పలకరించాలని చెప్పాను. చెప్పినదానికల్లా చివర "అండర్‌స్టాండ్ ఆ?" అని తగిలించాలి, మధ్యలో మన తెలుగు, కన్నడ ముక్కలు కలపాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు, మా ఇంగ్లీషు సగం చేతుల్లోనే ఉంటుందన్నాను. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ వల్లె వేసేవాడు. కింద ఓనరమ్మ, "పాపం, ఆయప్పకు ఒంట్లో బాగుండాదా?" అని నన్నడిగింది.

ఆదివారం రానే వచ్చింది. దొరప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి, జనాన్ని చూసి, "టిఫిన్ ఓవర్?" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఇక ఆయన ఆగలేదు. "ఇంటర్వ్యూ గోయింగ్ అంటే ఫియర్ వద్దు. డౌట్ ఉంటే ఆస్క్ మాడి. అండర్‌స్టాండ్ ఆ?" చేతులు గాలిలో తిరుగుతున్నాయి. గార్మెంట్స్ అక్క లేచి నిలబడి, నా వైపు చూడకుండానే, ఆయన అడిగినదానికి నేరుగా ఇంగ్లీషులో జవాబు చెప్పింది. దొరప్ప మొహం ఎర్రగా వెలిగిపోయింది. వెనక గోడ దగ్గర నేనూ ఆయనతో పాటు చేతులు తిప్పేస్తున్నాను. గెలిచాం అనుకున్నాను.

చప్పట్లు అయ్యాక చూస్తే అడ్మిషన్ టేబుల్ దగ్గర ఒక్కరూ లేరు. తల్లిదండ్రులు చెప్పులు వెతుక్కుంటున్నారు. మేస్త్రీ మామ ఒక్కడే తలపాగా విప్పుతూ టైపు సారు దగ్గరికి వచ్చాడు.

"కోపం చేసుకోవద్దు సారూ. ఈ దొర చెప్పేదంతా నాకే అర్థమైపోతాండాది. నేను మూడో క్లాసు గూడా సదవలేదు. నాకు అర్థమయ్యే ఇంగ్లీషుకు ఆ బిల్డింగులో కుర్చీ ఎవరిస్తారు? లోపల మాట్లాడేది వేరే ఉంటాది. అది చెప్పియ్యండి మా వానికి."

టైపు సారు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. "నీ మాదిరి మాట్లాడేదానికి నువ్వుండావు గదప్పా. ఇంగ దొర గూడా అట్లే మాట్లాడితే నాకు దొరెందుకు?" అన్నాడు. ఆ ముక్క కూడా దొరప్పకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఎన్నో మాటలు ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకు తిప్పినవాణ్ణి, దాన్ని మెత్తగా చెప్పే మాట ఒక్కటీ దొరకలేదు. ఆయన అంతా విని, కోప్పడకుండా, "వాళ్లకు నేను అర్థమయ్యాను కదా, నువ్వు చూశావు కదా?" అని మాత్రం అడిగాడు. చూశానన్నాను. అయితే సరే అన్నట్టు తల ఊపాడు.

ఆయన వెళ్లిన రోజు ఆటోలో పెట్టె పెట్టింది నేనే. ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి అలవాటు ప్రకారం "ఊట ఆయ్తా?" అంది. పొద్దుటి నుంచి మేమిద్దరం ఏమీ తినలేదు. "ఆయ్తమ్మా" అన్నాడు స్పష్టంగా. విమానం దిగాక ఉత్తరం రాస్తానన్నాడు గానీ రాయలేదు. నేను చాలాకాలం ఎదురుచూశాను.

మరుసటి సోమవారం టైపు సారు నా భుజం తట్టి, "దొర పోతే పోయె. ఇన్నాళ్లు పక్కన ఉండినావు గదా, నువ్వే ఆయప్ప మాదిరి మాట్లాడు" అన్నాడు. జీతం కావాలి గనుక ఒప్పుకున్నాను. ఆ క్లాసులో తలుపు దగ్గర తల్లిదండ్రులు నిలబడి ఉండగా, మాటల్ని గొంతులోనే గరగరలాడించి సగం మింగేసి వదిలాను. మేస్త్రీ మామ ఒక్క ముక్కా అర్థం కాక, మహా సంతృప్తిగా తల ఊపుతూ మెట్లు దిగిపోయాడు. గార్మెంట్స్ అక్క మాత్రం దిగులుగా చూసింది.

"దొరప్ప ఉండంగ మీరుంటిరి. ఇప్పుడు మీరు చెప్పేదానికి అర్థం ఎవరు చెప్తారు సారూ?"

నేనే చెప్పాను. తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచి, ఎవరూ లేరనుకున్నాక, గొంతు సవరించుకుని నా ఇంగ్లీషులో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ బ్యాచి అయ్యేదాకా ఒక జీతానికి ఇద్దరి పని చేశాను. అప్పటి నేను, ఇరవై రెండేళ్ల ఆ కుర్రవాడు, బిగుసుకున్న టై కట్టుకుని, తన మాటకు తనే అర్థం చెప్పుకుంటూ నిలబడిన వైనం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. నోట్లోంచి వచ్చేది దొరప్ప గొంతు, మేడ మీది సాయంత్రాల్లాగే వినేది నేను, ఆ మాత్రం కోసమైనా క్లాసు ఇంకాసేపు ఉంటే బాగుండునని ఉండేది.