పంటి మీద పుదీనా

బీఎడ్ పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, నా ఒంటి మీద వైద్య ప్రయోగాలు చేసే సర్వహక్కులూ మా దొడ్డమ్మవే. సామర్లకోటలో ఆవిడ పెరటి నిండా పుదీనా. కడుపుబ్బరానికి కషాయం, జలుబుకు ఆవిరి, తలనొప్పికి నుదుటి మీద ముద్ద, బియ్యం డబ్బా దగ్గర చీమలకు ఎండబెట్టిన రెమ్మలు. (చీమలు ఆ రెమ్మలు తొక్కుకుంటూనే బియ్యంలోకి వెళ్ళేవి. అవి పక్కింటి చీమలని దొడ్డమ్మ వాదన.)

రాజమండ్రిలో ఒక స్కూలు నుంచి లెక్కల టీచరు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అప్పటికి మూడు చోట్ల వద్దన్నారు. ఇదీ పోతే బాబాయి ఎరువుల కొట్లో కూర్చోబెట్టాలని ఇంట్లో తీర్మానమైపోయింది. ఆ భయానికి పొద్దున్నే వెక్కిళ్ళు పట్టుకున్నాయి. దొడ్డమ్మ గుప్పెడు పుదీనా, చెంచాడు పంచదార నా నోట్లో కుక్కింది. ఆవిడ రెండో గుప్పెడు కోయడానికి లేవగానే వెక్కిళ్ళు భయపడి ఆగిపోయాయి. జబ్బు మనిషిలా కాకుండా కాస్త నవ్వుతూ ఉండమని సలహా కూడా ఇచ్చింది. గేటు దాటాక తిరిగి చూసి, మొదటి నవ్వు ఆవిడకే నవ్వాను. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆశీర్వదించిందనుకున్నాను.

ఇక రోజంతా నవ్వుతూనే ఉన్నాను. రైల్లో పక్కావిడకి, స్కూలు వాచ్‌మన్‌కి, ఆఫీసు గుమాస్తాకి, అందరికీ. మా వైపు మర్యాద గురించి చెప్పాలా? ఒక్కరంటే ఒక్కరు ఏమీ అనలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం మూడుసార్లు మంచినీళ్ళు తాగమన్నారు. నేను మూడుసార్లూ నవ్వి, వద్దండీ అన్నాను. ఏడో తరగతికి భిన్నాలు చెప్పమంటే చెప్పాను. పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. నా బోధనకి నేనే మురిసిపోయాను.

“పిల్లలు ఇంత హుషారుగా లెక్కలు వినడం నేనెప్పుడూ చూళ్ళేదండి. సోమవారం వచ్చేయండి,” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

స్టేషన్‌కి వెళ్తూ ఆటో అద్దంలో చూసుకుంటే ముందు పంటిని పూర్తిగా కప్పేసి పుదీనా ఆకు. ఈనెలతో సహా.

ఇంటికొచ్చి దొడ్డమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా దేవుడి గది ముందే కూర్చుందట.

“చూశానే. గేటు దగ్గర నువ్వు నవ్వగానే చూశాను. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలిస్తే పని చెడిపోదూ? ఆకుంటే నలుగురు నవ్వుతారు, అంతేగా. ఉద్యోగం పోతే నువ్వు ఏడుస్తావు కదే.”

ఇన్నేళ్ళూ ఆ స్కూల్లోనే చాక్‌పీసులు అరగదీశాను. దొడ్డమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను గుమ్మం దాటగానే కళ్ళజోడు మర్చిపోయావనో, గీజర్ కట్టేయలేదనో ఇంట్లోవాళ్ళు వెనక నుంచి కేకేస్తారు. సదుపాయంగానే ఉంటుంది. అయినా పిచ్చిదాన్ని, గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, నన్ను పిలవకుండా నోరు మూసుకుని నిలబడ్డ మనిషి కోసం వెనక్కి చూస్తాను.