మెట్ల కింద చెవి గది

మా ఆసుపత్రిలో బట్టల గది చూసుకునే ఆవిడను అందరూ మైకక్క అనేవారు. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు, వెనక అనుకునేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. దుప్పట్లు లెక్కపెడుతూ కింద ఆమె "ముప్పై ఆరు!" అందంటే పై అంతస్తులో కట్లు కట్టే నర్సు ఉలిక్కిపడేది. మధ్యలో రెండు గోడలు, ఒక వరండా ఉన్నా, ఆమె ఎవరిని ఏమని దులిపేస్తోందో ఆఫీసులో కూర్చున్న నాకు అక్షరం పొల్లు పోకుండా వినపడేది. నేను అక్కడ గుమస్తాని. జరిగినదాంట్లో నా పాత్ర ఏమంత గొప్పది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

ఆమె గొంతు మొదటినుంచీ అంత పెద్దది కాదట. పెళ్లయిన కొత్తలో నోట్లోంచి మాట ఊడిపడటమే గగనంగా ఉండేదని ఆమె తోడికోడలు ఒకసారి నాతో అంది. భర్త రేకుల పనివాడు. ముప్పై ఏళ్లు షెడ్డులో కూర్చుని సుత్తితో డ్రమ్ములు, బకెట్లు, నీళ్ల తొట్లు సాగగొట్టాడు. ఆ దెబ్బలు రేకుతో పాటు ఆయన చెవుల మీద కూడా పడుతున్నాయని ఎవరికీ తట్టలేదు. ముందు తలుపు తట్టిన చప్పుడు పోయింది. తర్వాత ఫోను మోత. ఆ తర్వాత పెళ్లాం మాట. ఒకనాడు పైనుంచి రేకుల కట్ట జారుతుంటే "తప్పుకో" అని పదిమంది అరిచినా ఆయన తల తిప్పలేదు. కట్ట భుజం రాసుకుంటూ పడింది. షెడ్డు యజమాని మర్నాడే ఇంటికి పంపేశాడు.

నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆయన నాకు రేకుల బావ అయ్యాడు. బావ ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా నవ్వితే తన మీదే అనుకునేవాడు. పెళ్లిళ్లకు రానన్నాడు, పరామర్శలకు రానన్నాడు. ఇంట్లో ఏ మాటైనా కేకే. "నీళ్లు పెట్టనా?" అని అక్క అడిగితే ఎదురింటివాళ్లు "పెట్టు పెట్టు" అనేవారు. ఆ వేళాకోళం ఆమె పట్టించుకునేది కాదు. కానీ కూతురికి నాలుగో నెలలో కడుపు పోయింది. ఆ మాట మొగుడికి చెప్పాలి. ఇంట్లో చెబితే వీధంతా వింటుంది. ఆయనకు చదువు రాదు, కాగితం మీద రాసి చూపించడానికి లేదు. చివరికి ఊరి చివర నీళ్ల ట్యాంకు వెనక ఉన్న ఖాళీ స్థలానికి బస్సులో తీసుకెళ్లి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అక్కడ అరిచి చెప్పింది. మూడుసార్లు అరిస్తే గానీ ఆయనకు అందలేదు. 

ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న కొట్లో ఒక చెవి మిషను కొన్నారు. పెట్టుకున్న పావుగంటకే అది ఈల వేయడం మొదలుపెట్టింది. వెనక్కి తీసుకెళితే కొట్టువాడు, "మిషన్ బంగారంలా ఉందమ్మా. మీ ఆయన చెవే అలాంటిది" అన్నాడు. ఆ మాట బావ చెవిన పడలేదు గాని, వాడి మొహం చూసి అర్థం చేసుకున్నాడు. మిషను పెట్టెలోకి వెళ్లిపోయింది.

ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి.

ఏడాదికి రెండుసార్లు మా ఆసుపత్రిలో కిటికీ తెరలన్నీ ఉతుకుతారు. గదిగదికీ తిరిగి అవి ఊడదీసే పని బట్టల గదిలో ఇంకొకామెది. ఆ ఏడు ఆమె సెలవు పెట్టింది, మైకక్క బండి తోసుకుంటూ బయల్దేరింది. పాత భవనం వెనక మెట్ల కింద ఒక గది ఉంది. దాని ముందు విరిగిన మంచాలు గుట్టగా పడేసి ఉండేవి. బండి అవతలే వదిలేసి, ఒంటిని ఒక పక్కకు తిప్పుకుని ఆ సందులోంచి లోపలికి దూరింది.

లోపల ఒక అమ్మాయి బల్ల ముందు కూర్చుని పేపరులో పదాల గళ్లు నింపుతోంది. వెనక గాజు కిటికీ ఉన్న పెట్టె లాంటి చిన్న గది, పక్కన అద్దాల బీరువా. బీరువాలో తెల్లటి డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇక్కడేం చేస్తారమ్మా మీరు?" అని అక్క అడిగింది.

"చెవులు పరీక్ష చేస్తాం. వినికిడి తగ్గినవాళ్లకి మిషన్లు ఇస్తాం."

"ఎంతకి?"

"ఊరికేనండీ. పరీక్షా ఊరికే, మిషనూ ఊరికే."

అక్క బీరువా వైపు చూసింది. "ఎన్నాళ్ల నుంచి ఉంది ఈ గది?"

"గది తెరిచి ఆరేళ్లయింది. నేనొచ్చి రెండేళ్లు. ఎవరూ రారండీ. ఎవరూ వాడటం లేదని ఏడాది చివర మిషన్లు వెనక్కి తీసుకుపోతారు. మళ్లీ కొత్తవి పంపిస్తారు."

"ఎవరికైనా చెప్పారా ఈ సంగతి?"

"తలుపు మీద బోర్డుందిగా. బయట ఇంకోటి పెట్టించమని ఆఫీసులో మూడుసార్లు అడిగాను. రోజూ పొద్దున మైకులో చెప్పిస్తున్నాం కదా, చాలదా అన్నారు."

 అక్క ఆ పాత భవనం అదిరిపోయేలా అరిచింది. "చెవులు వినపడనివాళ్లకి మైకులో చెప్పారా!"

తలుపు మీద బోర్డున్న మాట నిజమే. 'శ్రవణ విభాగము' అని ఉంది, మైకులో వచ్చేదీ ఆ పేరే. దూరం నుంచి అక్క ఆ మొదటి మాట ఎన్నోసార్లు చదివింది. "శ్రవణ అనే డాక్టరమ్మ గది కాబోలనుకున్నాను" అని ఆ తర్వాత నాతో అంది. ఆ మాటకు నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

తెరలన్నీ వదిలేసి నేరుగా ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మెట్ల కింద చెవుల గది ఉందని నీకు తెలుసా బాబూ?"

"తెలుసక్కా. నెలనెలా రిపోర్టు నా దగ్గరికే వస్తుంది."

"ఏముంటుంది అందులో?"

"ఎంతమంది వచ్చారో ఉంటుంది. శూన్యం అని రాసి పంపుతారు."

"ఆ శూన్యం చూసి నువ్వేం చేశావు?"

 "ఫైల్లో పెట్టాను."

డెబ్బై రెండు కాగితాలు. ఒక్కొక్కటీ నా చేత్తోనే చిల్లు పొడిచి దారానికి గుచ్చాను. రేకుల బావ సంగతి నాకు తెలియదా? తెలుసు. వాళ్లింట్లో భోజనం చేశాను, ఆయన పక్కన కూర్చుని గొంతు చించుకున్నాను. ఈ రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని ఆరేళ్లలో ఒక్కరోజు నాకు తట్టలేదు. అక్క నన్ను తిట్టలేదు. "మా ఆయన గుర్తుకు రాలేదా బాబూ నీకు?" అంది. అంత మెల్లగా ఆమె మాట్లాడటం నేను వినడం అదే మొదలు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

బావ రానన్నాడు. "కొన్నదే ఈల వేసింది. ఊరికే ఇచ్చేది ఏం చేస్తుంది, డోలు వాయిస్తుందా?"

"నడిచి వస్తావా, దుప్పట్ల బండిలో వేసుకుని తోసుకుపొమ్మంటావా?" అని అక్క వాకిట్లో నిలబడి అరిచింది. వీధి మొత్తం బయటికొచ్చింది. బావ చొక్కా వేసుకున్నాడు.

ఆ అమ్మాయి ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. తర్వాత చెవిలో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసింది. పాత మిషను ఎందుకు ఈల వేసిందో అప్పుడు తెలిసింది. అది ఆయన చెవికి సరిపోలేదు, సందులోంచి చప్పుడు బయటికి పోయి మళ్లీ మిషన్లోకే వస్తోంది. లోపం చెవిది కాదు, చూడకుండా అంటగట్టినవాడిది. ఇన్నేళ్లూ ఆ మనిషి తప్పు తనదేనని తల దించుకున్నాడు.

రెండు వారాల తర్వాత మిషను పెట్టారు. అక్క అలవాటు కొద్దీ ఆయన మొహంలో మొహం పెట్టి "వినపడుతోందా?" అని అరిచింది.

బావ వెనక్కి తగ్గి చెయ్యి అడ్డం పెట్టాడు. "అబ్బ, మెల్లగా. పక్కనే ఉన్నానుగా."

ఆ అమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. అక్క బయటికెళ్లి ఆ విరిగిన మంచాల మీద కూలబడి ఏడ్చింది. నేను వెనకే వెళ్లి, "ఇంత మంచి జరిగితే ఏడుస్తావేంటక్కా?" అన్నాను.

"మంచా?" అని తలెత్తింది. "నా గదికీ ఈ గదికీ మధ్య ఒక్క వరండా. ఆరేళ్లు ఈ వరండాలో దుప్పట్లు మోశాను. అక్కడ మా ఆయన రాయిలా కూర్చున్నాడు, ఇక్కడ మిషన్లు బీరువాలో కూర్చున్నాయి. ఆ ఆరేళ్లు ఎవరి దగ్గరికెళ్లి అడగమంటావు? నీ దగ్గరా?"



ఆ కోపం అక్కడితో చల్లారలేదు. ఆసుపత్రి బట్టల మీద వార్డు పేరు రాయడానికి ఒక నల్ల సిరా ఉంటుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పనికిరాదని రాసి పక్కన పడేసిన దుప్పటి ఒకటి తీసి, ఆ సిరాతో మూరెడేసి అక్షరాలు రాసింది. 'చెవులు సరిగ్గా వినపడటం లేదా? పరీక్ష ఊరికే. మిషను ఊరికే. వెనక మెట్ల కింద గది. నన్ను అడిగితే చూపిస్తాను.' కింద 'బట్టల గది' అని సంతకం. సోమవారం పొద్దున ఓపీ చీట్లు ఇచ్చే చోట, వరండా కమ్మీకి దాన్ని వేలాడగట్టింది. విరిగిన మంచాలు తనే ఒక్కొక్కటీ ఈడ్చి గోడ పక్కన నిలబెట్టింది.

సాయంత్రానికి పదకొండు మంది వచ్చారు. ఒక బస్సు డ్రైవరు, పిల్లల ప్రశ్నలు వినపడక ఉద్యోగం మానేసిన ఒక టీచరు, కూతురు చెయ్యి పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన. చివరగా ఒకామె ఐదేళ్ల ఆడపిల్లతో వచ్చింది. పిల్లకు మాటలు రాలేదు. ఇంట్లో మొద్దు అనేవారట. బడివాళ్లు చేర్చుకోలేదట. పరీక్ష చేస్తే తేలింది, పిల్ల మొద్దు కాదు, చెవులు వినపడవు. "పుట్టిన ఏడాదికే తెచ్చి ఉంటే ఈపాటికి గలగలా మాట్లాడేదమ్మా" అంది పరీక్ష చేసిన అమ్మాయి. ఆ పిల్ల పుట్టింది మా ఆసుపత్రిలోనే. అప్పటికే ఈ గది తెరిచి ఉంది. కాన్పు వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు, టీకాల కార్డుతో పాటు ఒక్క ముక్క ఆ తల్లి చెవిన వేసినవాడు లేడు. రిపోర్టు కట్టే నేనూ వేయలేదు.

మర్నాడు దుప్పటి పీకేశారు. అక్కకు మెమో ఇవ్వమన్నారు. టైపు చేసింది నేనే. 'ఆసుపత్రి ఆస్తిని పాడుచేసి, అనుమతి లేని ప్రకటన చేసినందుకు.'

సూపరింటెండెంటు గారి గదిలోకి ఆమె మెమో పట్టుకుని వెళ్లింది. నన్నూ పిలిచారు.

"దుప్పటి ఎందుకు పాడుచేశావు?" అని ఆయన అడిగారు.

"పారేసిన దుప్పటి సార్. రిజిస్టర్లో రాశాకే తీశాను. గుమస్తా బాబుని అడగండి."

ఆయన నా వైపు చూశారు. "రాసే ఉంది సార్" అన్నాను.

"సరే. ఎవరూ రాకపోతే మేమేం చేస్తాం? ఇంటింటికీ వెళ్లి పిలవాలా?"

"మొన్న ఒక్కరోజే పదకొండు మంది వచ్చారు సార్. వాళ్లందరూ మొన్న పొద్దునే చెవిటివాళ్లయ్యారా?"

ఆయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. "ఇది పద్ధతి కాదు" అన్నారు. ఏది పద్ధతి కాదో చెప్పలేదు. ఆమె సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. ఆరేళ్లు శూన్యాలు గుచ్చిన నా పుస్తకంలో మాత్రం ఒక్క మరక లేదు.

బోర్డు అయితే పెడతామన్నారు. పై నుంచి వచ్చిన రాత ఇది: 'శ్రవణ వైకల్య నిర్ధారణ మరియు పునరావాస కేంద్రము. సేవలు నిశ్శుల్కము.' అక్కకు చదివి వినిపించాను. "ఇది అర్థమయ్యేవాడు పేషెంటు కాదు, డాక్టరు" అని విసురుగా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను చేసిన ఒకే ఒక్క పని, ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, 'చెవి గది. వినపడకపోతే రండి. అంతా ఊరికే' అని రాసి, కింద బాణం గుర్తు వేసి, సంతకాల కట్టలో పెట్టడం. సూపరింటెండెంటు గారు చదవకుండానే సంతకం చేశారు. బోర్డులు రాసే అతను అలాగే రాసిచ్చాడు.

రెండు నెలల్లో బీరువా ఖాళీ అయింది. మిషన్లు ఇంకా కావాలని అడిగితే, ఇన్నేళ్లు అక్కర్లేనివి ఇప్పుడెందుకని పై నుంచి సంజాయిషీ అడిగారు. జవాబు నేనే రాశాను, నాలుగు పేజీలు. మిషన్లు వచ్చాయి. రేకుల బావ ఇప్పుడు మంగళవారం, శుక్రవారం చెవి గది ముందు బల్ల మీద కూర్చుంటాడు. కొత్తగా మిషను పెట్టుకున్న ముసలివాళ్లకు దాన్ని ఎలా తుడవాలో, చప్పుళ్లకు ఎలా అలవాటు పడాలో చెబుతాడు. తిట్టుకుంటూ తీసి పడేద్దామనుకున్నవాళ్లను ఆయనే ఆపుతాడు. అక్క పోయినేడు రిటైరయింది. ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా ముందు అడిగేది, ఇక్కడ జనానికి ఊరికే ఇచ్చేవి ఏమేం ఉన్నాయని. కోర్టులో ఊరికే లాయర్ని పెడతారని అలాగే తెలుసుకుని, ఇల్లు ఖాళీ చేయమని బెదిరింపులు పడుతున్న పక్కింటామెను తీసుకెళ్లింది. ఆమె గొంతు మాత్రం తగ్గలేదు.

ఆ ఆడపిల్లకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. తనకంటే మూడేళ్లు చిన్నవాళ్లతో కలిసి చదువుతోంది. పోయిన నెల బస్టాపులో తల్లితో కనపడింది. నన్ను గుర్తుపట్టి ఏదో అడిగింది. నాకు తెలియలేదు. మళ్లీ చెప్పమన్నాను, మళ్లీ చెప్పింది. అప్పటికీ తెలియలేదు. మూడోసారికి ఆ పిల్లకు కోపం వచ్చి కాలు నేలకేసి కొట్టింది. అప్పటికి అర్థమైంది, నా బస్సు నంబరెంతని అడుగుతోంది. ఆ పిల్ల ఎత్తుకు వంగి, చెప్పాను.