ఆపితే పోయే బండి

ఆ రోజుల్లో మా కోనసీమలో ఎంత తొందరున్నా సరే, దారిలో పెద్దవాళ్ళు ఎదురైతే బండి ఆపి, దిగి, కుశలం అడగకుండా ముందుకు పోవడమన్నది లేదు. అలా పోయినవాడి సంగతి వాడికంటే ముందే ఇంటికి చేరేది. ఆ మర్యాదకి నేను ఒక్కరోజు ఎదురు తిరిగాను. తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

డెబ్బైల చివరి మాట. అల్లవరంలో మా తాతగారి ఇంగ్లీషు మోటారు సైకిలు, ఆయన పోయాక, కొబ్బరి పీచు డొక్కల మధ్య పడి ఉండేది. మావయ్యగారు దాన్ని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తానన్నారు. వీల్లేదన్నాను నేను. ఉద్యోగం లేదు గాని పొగరుకి లోటు లేని వయసు. ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పట్టే కార్బురేటరు అరిగిపోయింది, అలాంటిది మళ్ళీ దొరకదు. రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టువాడు రెండు చూపించాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. “చిన్నది చాల్రా, పొట్టని బట్టే నోరుండాలి” అన్నారు మావయ్య. ఆయన చిన్నదన్నారు కనక నేను పెద్దది తీసుకున్నాను. (ఇంజనీరింగు లెక్కలు వేసి తీసుకున్నానని తరవాత చాలామందికి చెప్పాను. వేసిన లెక్క ఇదే.)

ఇక స్క్రూడ్రైవరు పట్టుకుని గాలి స్క్రూ అటు తిప్పి, ఇటు తిప్పి, చెవి పెట్టి వినడమే పని. ఏక్సిలేటరు తిప్పి పట్టుకుంటే బండి సింహంలా గర్జించేది. కాస్త వదిలితే చాలు, పెట్రోలు పొలమారి ఠక్కున చచ్చేది. నిలబడి బతకడం దానికి చేతకాలేదు. ఆ ముక్క మావయ్యకి చెప్పలేదు.

“నన్నెక్కించుకుని అమలాపురం గడియారస్తంభం దాకా తీసుకెళ్ళు. దారిలో ఇంజను ఆగిందా, ఇనుం కొట్టుకే. ఆగకపోతే బండి నీది” అన్నారాయన.

బయలుదేరాం. ఎనభై మైళ్ళ వేగం! (వేగం చూపించే ముల్లు విరిగిపోయింది కనక కాదనేవాడు లేడు. కొబ్బరికాయల సైకిలొకటి మమ్మల్ని దాటిపోయిన మాట నిజం.) సగం దూరం పోయాక కాలవ గట్టు మీద, గొడుగేసుకుని, చెయ్యెత్తి నించున్నారు మావయ్య వియ్యంకుడుగారు. వాళ్ళబ్బాయికి మావయ్య కూతుర్నిచ్చి ఏడాది తిరగలేదు, పైగా ఆ పెద్దమనిషికి కోపం ముక్కు మీదుంటుంది.

“ఆపరా!” అన్నారు వెనకనుంచి మావయ్య.

“ఆపితే పందెం నేను నెగ్గినట్టేనాండీ?”

“కాదు!”

“అయితే ఆపనండి.”

“ఒరే అడ్డగాడిదా, నా పరువురా!”

“నా బండండీ!”

ఆపలేదు. అలాగని పోనూలేదు. వియ్యంకుడుగారి చుట్టూ తిప్పడం మొదలెట్టాను. గొడుగూ ఆయనా కూడా మాతోపాటే తిరుగుతున్నారు.

“ఎక్కడికండీ బావగారూ, బయలుదేరేరూ?”

“ఆయ్, అమలాపురం దాకానండి!” మావయ్య నా నడుం పట్టుకుని, ఒక చేత్తో దణ్ణం పెడుతున్నారు. ఇంకో చుట్టు. “మా అమ్మాయి కులాసానాండీ?”

“కులాసానండీ! ఏంటండీ మీరిలా... దిగండి, కాఫీ తాగి వెళ్దురుగాని!”

“తిరుగుదార్లో తాగుతామండీ!”

(ఏడు చుట్లు తిప్పానని ఊరంతా చెప్పాను. మూడు.) వెనక్కి చూడకుండా పోనిచ్చాను. అలక పూనుతారనుకున్న పెద్దమనిషి, ప్రదక్షిణం చేసిన వియ్యంకుడు జిల్లాలో తనకి కాక ఇంకెవరికున్నాడని మర్నాటినుంచీ చెప్పుకున్నారట.

గడియారస్తంభం దగ్గర ఇంజను ఇంకా మోగుతూనే ఉంది. మావయ్య దిగి కండువా దులుపుకున్నారు. “నెగ్గేవు, నీదే. ఇంక ఆపు, చెవులు పోతున్నాయి.” చెయ్యి తీశాను, చచ్చింది. ఎంత తన్నినా లేవలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఇదట్రా నీ ట్యూనింగు!” అని, ఇస్త్రీ పంచె పైకి చెక్కి, బజార్లో అందరూ చూస్తుండగా, వెనకనుంచి తొయ్యడం మొదలెట్టారు. మాటంటే మాటే ఆయనకి. కొంతదూరం తోశాక బండి గర్జించి అందుకుంది.

అందుకున్నాక ఆయన్ని ఎక్కించుకోవాలంటే ఆపాలి. ఆపలేదు.

పోతూ పోతూ అద్దంలో చూస్తే, మావయ్య రోడ్డు మధ్య నించుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను. ఆ బండికి అద్దం లేదు. ఇప్పుడు నాకు ఆయన వయసు దాటిపోయింది, మేనల్లుళ్ళు నన్నూ రోడ్డు మీద వదిలేసిపోతున్నారు. అందుకని చెబుతున్నాను, ఆయన నవ్వే ఉంటారు. నవ్వలేదని ఎవరన్నా సరే, ఒప్పుకోను.