ఒక్క చుక్క జనార్దన్

మా అపార్ట్‌మెంట్ జనార్దన్‌గారికి మురికి కారు కనబడితే చేతులు ఆగవు. కారు ఎవరిదన్నది ఆయనకు అనవసరం. జేబులోంచి చిన్న సీసా తీస్తారు, "ఒక్క చుక్క, గంతే" అంటారు. ఆ తర్వాత జరిగేది చూడాలంటే గుండె గట్టిగా ఉండాలి.

మాది నాంపల్లి స్టేషన్ వెనక. ఆయనకు బేగం బజార్లో ఫినాయిలు, యాసిడ్, సబ్బునీళ్ళు అమ్మే హోల్‌సేల్ దుకాణం ఉంది. తాతలనాటిది. కారు షాంపూ, కారు పాలిష్ అనే మాటలు వింటే ఆయనకు ఒళ్ళు మంట. "అంతా మోసం మూర్తి సాబ్. గిన్నెలు తోమే సబ్బుకు కారు బొమ్మేసి అమ్ముతున్నరు. జిడ్డుకేం తెలుసు, అది కారు మీదున్నదా, కడాయి మీదున్నదా?" అని వాదిస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందుకే అందరం దొరికిపోతాం.

నేను ఎలా దొరికానో చెబుతాను. కొత్త కారు కొన్న కొన్నాళ్ళకు చక్రాలకు బ్రేకుల మసి పట్టింది. ఒకరోజు పొద్దున పేపరు కోసం సెల్లారులోకి దిగితే, ఆయన నా కారు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. చక్రం మీద బుసబుసా నురగ, పైన సన్నగా పొగ.

"జనార్దన్‌గారూ, అదేమిటండీ?"

"ఏం లేదు మూర్తి సాబ్. బాత్రూమ్ యాసిడ్. ఒక్క చుక్క, గంతే."

"కారుకి బాత్రూమ్ యాసిడా?"

"బాత్రూమ్‌కు పనిజేసింది కదా."

మసి పోయిన మాట నిజమే. దాంతోపాటు మెరుపు కూడా పోయి, చక్రం అడుగంటిన గిన్నెలా తయారైంది. ఆయన దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూసి, "గిది ఫెయిల్" అని తేల్చేశారు, పేపర్లు దిద్దే మాస్టారిలా. "మిగిలినయి ముట్టను. ఫికర్ జెయ్యకుండ్రి" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ నా కారు మూడు కొత్త చక్రాలతో, ఒక ముసలి చక్రంతో తిరుగుతోంది.

మూడో అంతస్తులో ఉండే సుష్మ అబిడ్స్‌లో బ్యాంకు ఉద్యోగి. ఆమె కారు వెనక 'అమ్మా నాన్నల దీవెన' అని ఎర్ర స్టిక్కరు ఉండేది. దాని పక్కన తారు మచ్చ పడింది. జనార్దన్‌గారు థిన్నరు తెచ్చారు. ఒక్క చుక్కే. తారు పోయింది, 'అమ్మా' కూడా పోయింది. చూసుకోకుండా సుష్మ 'నాన్నల దీవెన'తో ఆఫీసుకు వెళ్ళింది. అబిడ్స్‌లో పార్కింగ్ చీటీలు ఇచ్చే మనిషి చదివి, "మేడమ్, నాన్నలు ఎంతమంది?" అని మర్యాదగానే అడిగాడట. ఆ సాయంత్రం ఆమె పెట్టిన కేకకు సెల్లారులో పావురాలన్నీ లేచిపోయాయి. వాళ్ళమ్మగారు వారంపాటు ఫోన్ ఎత్తలేదు.

జనార్దన్‌గారు మాత్రం శాంతంగా, "తారుకు పాస్, స్టిక్కరుకు ఫెయిల్" అన్నారు.

ఈమధ్య ఆయన చూపు సీట్ల మీదికి మళ్ళింది. మా ఆవిడ దగ్గర తాళం అడిగి తీసుకుని, నా కారు వెనక సీటంతా సోడాపొడి చల్లి, వెనిగర్ కొట్టి, బ్రష్షుతో రుద్దిపెట్టారు. కారెక్కితే ఊరగాయ జాడీలో కూర్చున్నట్టుంది. "ముద్దపప్పు కూడా తెచ్చుకుంటే భోజనం ఇక్కడే కానిచ్చేయొచ్చు" అంది మా ఆవిడ వసుమతి.

నేను ఆయన్ని పట్టుకుని నిలదీశాను.

"వెనిగర్ వాసన గంటల పోతది మూర్తి సాబ్. అసలు వాసన పోయిందా, జర ముక్కు పెట్టి చెప్పుండ్రి."

"అసలు వాసనేమిటి? ముందు ఏ వాసనా లేదే."

"ఉండె. పుల్లగైన మజ్జిగ నేనే పోసిన."

మతి ఉన్న మనిషి ఎవరైనా పక్కింటివాడి కారులో పులిసిన మజ్జిగ పోస్తాడా? పోసి, అది పోయిందా అని అడుగుతాడా?

మా అసోసియేషన్ సెక్రటరీని నేనే. శనివారం పొద్దున సెల్లారులోనే మీటింగు పెట్టాను. బాధితులందరూ వచ్చారు. తీర్మానం సిద్ధం: సెల్లారు కుళాయికి తాళం వెయ్యాలి, ఆయన సీసాలు బయటికి పంపాలి. తాళం కప్ప నా చేతిలోనే ఉంది. జనార్దన్‌గారు వాదిస్తారనుకుని నేను గొంతు సవరించుకుంటే, ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"సీసాలు పారేస్త మూర్తి సాబ్. మీ కార్లు ముట్టను. కుళాయొక్కటి ఉంచుండ్రి."

ఆ మనిషి బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. అంతలో గేట్లోంచి ఒక క్యాబు సెల్లారులోకి దిగింది. నలభై దాటిన డ్రైవరు దూకినట్టు దిగి, "కాకా, వెనక సీటు" అన్నాడు. అంతమందిమి కనబడేసరికి ఆగిపోయాడు. అతని పేరు బబ్లూ అని తర్వాత తెలిసింది.

వెనక తలుపు తెరిస్తే ఒక పెద్దావిడ. తలకు రుమాలు, చేతిలో దవాఖాన సంచి. సీటు మీద, చీర మీద వాంతి. మమ్మల్ని చూసి ఆవిడ మొహం దించేసుకుంది.

"నేనే కడుగుత బిడ్డా. జర నీళ్ళియ్యుండ్రి. ఇందరి ముంగట..." అంటూ కొంగుతోనే తుడవబోయింది.

జనార్దన్‌గారు అప్పటికే దగ్గరికి వెళ్ళారు. "నువ్వెందుకు కడుగుతవు పెద్దమ్మా? నువ్వొచ్చుడే మంచిగైంది. నా మందు ఎట్ల పనిజేస్తదో చూస్తమని ఈళ్ళంత జమైన్రు. మురికి సీటు దొరకక పొద్దుగాల్నుంచి నిలబడ్డరు. ఏం మూర్తి సాబ్?"

అందరూ నావైపు చూశారు. పెద్దావిడ కూడా చూసింది.

"ఔ," అన్నాను. యాభై ఆరులో మా తాతగారు ఈ ఊరొచ్చినప్పటినుంచీ 'అవునండీ' తప్ప మా ఇంట్లో ఎవరి నోటా ఇంకో మాట రాలేదు. ఆ 'ఔ' ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

సుష్మ కుర్చీ తెచ్చి వేసింది. "ఇక్కడ కూర్చోండమ్మా, డెమో బాగా కనిపిస్తుంది" అంది. వసుమతి పైకి వెళ్ళి ఉతికిన చీర తెచ్చి, ఆవిడను వాచ్‌మన్ గదిలోకి తీసుకెళ్ళింది.

జనార్దన్‌గారు సోడాపొడి చల్లారు, వెనిగర్ కొట్టారు, రుద్దారు. బబ్లూ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"క్యాన్సర్ దవాఖానల మందెక్కించుకున్నోళ్ళకు కార్ల వాంతులైతయి సార్. సీటు ఖరాబైతే ఆ దినం మా బండి బంద్. గందుకే ఆ గేటు కాడ చాలామంది ఆపరు. మీరు ఎక్కించుకోండ్రి, సీటు సంగతి నేను చూసుకుంట అన్నడు కాకా."

"మరి మా కార్లు ఎందుకయ్యా పాడుచెయ్యడం?"

"మీ కార్ల మీద పాసైతేనే మా కార్లకు పెడ్తడు సార్."

నా సీటు మీద పోసిన మజ్జిగ పరీక్ష పేపరన్నమాట. జనార్దన్‌గారు తల తిప్పకుండానే అన్నారు, "మీ కారు ఖరాబైతే మీరు నన్ను తిడ్తరు, గంతే. బబ్లూకు బండే బువ్వ."

రావాల్సిన కోపం రాలేదు. అయినా ఒకటి అడగకుండా ఉండలేకపోయాను. "మరి నా చక్రం?"

ఆయన కాస్త ఆలోచించారు. "గది ఊకెనే" అన్నారు.

పెద్దావిడ వసుమతి చీర కట్టుకుని వచ్చి, సీటు మీదికి వంగి వాసన చూసింది. "నీ మందు వాసనే బిడ్డా, ఇంకేం లేదు" అంది. డెమో అయిపోయిందని మేమంతా చప్పట్లు కూడా కొట్టాం. ఆవిడ ధైర్యం తెచ్చుకుని, "మా దిక్కయితే ముగ్గుపిండేసి రుద్దుతం. ఇంక తెల్లగైతది" అంది.

జనార్దన్‌గారి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆయన పెద్దావిడను చూశారు. తర్వాత మెల్లగా నా కారును చూశారు. తర్వాత నా ముందు చెయ్యి చాపారు.

"మూర్తి సాబ్, తాళం."

సంతోషంగా కుళాయి తాళం కప్ప తీసి ఆయన చేతిలో పెట్టాను.

"గిది కాదు, కారుది. ఒక్క చిటికెడు, గంతే."

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇక ఏం చేస్తాను, ఇచ్చాను.