జపాను పెట్టెల ఇంటిపేర్లు

గోడౌనులో అందరూ ఆయన్ని నిఘంటువుగారు అనేవారు. జపాను నుంచి వచ్చే విడిభాగాల పెట్టెల మీద రాత చదవగలిగింది ఆయనొక్కడే. మూడు వందల మాటలు కంఠతా పట్టి, వాటితోనే ఇరవై ఏళ్ళు అందరినీ తన బల్ల ముందు చేతులు కట్టించి నిలబెట్టాడు.

స్టోరు తాళాలు చూసే ఆవిడ ఒకరోజు పెట్టె మీది చీటీ చదివిపెట్టమంది. ఆయన తప్పు చదివాడు. ఆవిడ నమ్మి, నూనె డబ్బాల బదులు కడిగే మందు డబ్బాలు పంపింది. కొన్నవాడి యంత్రం పాడైంది. యజమాని నిలదీస్తే నిఘంటువుగారు, "నేను సరిగ్గానే చెప్పానండి. వినే బుద్ధి ఉండాలి కదా," అన్నాడు. ఆవిడ దగ్గర తాళాలు తీసేసుకుని పెట్టెలు విప్పే పనిలో వేశారు.

ఆవిడ ఏడవలేదు, పళ్ళు నూరింది. తాళాలు పోయినందుకు కాదు, బుద్ధిలేనిదన్న మాట పడ్డందుకు. మేకులు పీకుతూ చీటీల వంక చూడటం మొదలుపెట్టింది. మేకులకు, గొలుసులకు, రాగికి, లోహమైన అన్నిటికీ అక్షరం ఎడమ పక్కన ఒకటే బొమ్మ, ఇంటికప్పు లాంటిదాని కింద గీతలు. నూనెకూ కడిగే మందుకూ, నీళ్ళలా పారేవాటికి మూడు చుక్కలు.

నెల తిరిగేసరికి గుట్టు దొరికింది. ఏ అక్షరమూ కొత్త మొహం కాదు. అన్నీ ముక్కలు కూర్చి కట్టినవే, అందులో ఒక ముక్క ఇంటిపేరు. ఇంటిపేరు తెలిస్తే ఏ వాకిట్లో వెతకాలో తెలుస్తుంది. అన్నిసార్లూ కాదు లెండి. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, మూడు చుక్కలు చూసి విప్పితే ఒకసారి మంటలార్పే పొడి సిలిండర్లు బయటపడ్డాయి. అలాంటివి విడిగా రాసుకుంది.

తర్వాత భోజనాల వేళ పెట్టె చెక్క మీద సుద్దముక్కతో అందరికీ చెప్పసాగింది. ముందు తోటి ఆడవాళ్ళకు, తర్వాత మోతవాళ్ళకు, చివరికి ఊడ్చే ముసలమ్మకు కూడా. ఎంత మంచి మనసో అన్నారు. మంచీ లేదు, మన్నూ లేదు. ఆ బల్ల ముందు ఇక పురుగు కూడా నిలబడకూడదు, అంతే ఆవిడ కోరిక.

ఏడాదిలో బల్ల ముందు జనం పలచబడ్డారు. ఒకరోజు యజమాని ఎదుటే కొత్త పెట్టె దిగింది. ఆ మాట నిఘంటువుగారి మూడు వందల్లో లేదు. ముసలమ్మ చీపురు ఆపి, "రెండక్షరాల్లోనూ రాయి గుర్తుంది బాబూ. ఒకదానికి పక్కన, ఒకదానికి అడుగున. సానరాళ్ళేమో చూడండి," అంది. సానరాళ్ళే. నిఘంటువుగారి మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. పెట్టెలు విప్పే ఆవిడకు కడుపు చల్లబడింది.

నేర్పింది ఎవరో తెలుసుకుని యజమాని తాళాలు మళ్ళీ ఆవిడకిచ్చి, ఆయన్నీ వెళ్ళి నేర్చుకోమన్నాడు. మర్నాడు భోజనాల వేళ ఆయన వచ్చి మోతవాళ్ళ వెనక నిలబడ్డాడు.

"నాకూ కాస్త చెప్పమ్మా."

"ఆ రోజు చీటీ మీద ఏముందో, మీరు ఏం చదివారో యజమానిగారికి చెప్పి రండి. వచ్చి కూర్చోండి."

"పాత సంగతులెందుకమ్మా ఇప్పుడు?"

ఆవిడ చెక్క మీది అక్షరాలన్నీ అరచేత్తో తుడిచేసింది.

"ఇవాళ్టికి అయిపోయింది," అంది.

భోజనాల వేళ అయిపోయిందని గంట కొట్టడానికి ఇంకా అరగంట ఉంది.